డ్రాయింగ్ ఎవరి చేతిలో ఉంది? ఐఎస్ఓ 9001, 27001పై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మెషిన్ షాపు. 38 మంది పనిచేస్తారు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే సీఎన్‌సీ లేత్‌లు నాలుగు, మిల్లింగ్ చేసే వీఎంసీ మెషిన్లు రెండు ఉన్నాయి. యజమాని అక్కడే సీఐటీడీ అనే శిక్షణ సంస్థలో టూల్ డిజైన్ చదువుకుని, ఒక్క లేత్‌తో షెడ్డు తెరిచి ఇక్కడిదాకా వచ్చారు. కిందటేడు ఒక పెద్ద కంపెనీ ఆయనకు వెండర్ ఫారం పంపింది. అందులో రెండు గడులున్నాయి: ఐఎస్ఓ 9001 ఉందా? ఐఎస్ఓ 27001 ఉందా? మొదటిది నాణ్యత నిర్వహణకి, రెండోది సమాచార భద్రతకి సంబంధించిన అంతర్జాతీయ స్టాండర్డ్.

చిన్న కంపెనీలను ఈ రెండింటికీ సిద్ధం చేయడమే నా వృత్తి. జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం, ఎక్కడికెళ్లినా ఇంచుమించు ఇవే అనుమానాలు ఎదురవుతాయి. ఈ షాపులో జరిగింది చెబితే చాలావరకు అవే తీరిపోతాయని రాస్తున్నాను.

అపోహ: 27001 మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, మనలాంటి ఇనుము పని వాళ్లకు కాదు

ఆ యజమాని మొదటి రోజే అడిగారు. "క్వాలిటీ అంటే సరే సార్. ఈ సెక్యూరిటీది మాకెందుకు? మా దగ్గర దాచుకోవడానికి ఏముంది?"

నేను జవాబు చెప్పకుండా, ఈమధ్య పెద్ద రిజెక్షన్ ఏదైనా వచ్చిందా అని అడిగాను. వచ్చింది. ఒక బుష్ జాబ్‌లో 64 పీసులు స్క్రాప్ అయ్యాయి. కస్టమర్ బోర్ టాలరెన్స్ (రంధ్రం కొలతలో అనుమతించే తేడా) మార్చి, రివిజన్ సి, అంటే సవరించిన కొత్త డ్రాయింగ్‌ను సాయంత్రం సూపర్‌వైజర్ వాట్సాప్‌కి పంపాడు. సూపర్‌వైజర్ అప్పటికే ఇంటికి బయల్దేరాడు. నైట్ షిఫ్ట్ కుర్రాడు మెషిన్ పక్కన అంటించి ఉన్న రివిజన్ బి చూసి సెట్టింగ్ వేశాడు. కొలతలన్నీ పాత డ్రాయింగ్ ప్రకారం కరెక్ట్. ఆ అబ్బాయి తప్పేం లేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని, ఆ డ్రాయింగ్ ఇప్పుడు ఎవరెవరి దగ్గరుందో లెక్కపెట్టాం. 11 మంది ఫోన్లలో ఉంది. వాళ్లలో ఇద్దరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. బయట ప్లేటింగ్ చేసే యూనిట్ దగ్గర ప్రింట్లున్నాయి, ఎన్నో ఎవరికీ తెలియదు. ఆ డ్రాయింగ్ మీద "అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వరాదు" అని కస్టమర్ ముద్ర కూడా ఉంది.

సరైన డ్రాయింగ్ మెషిన్ దగ్గర ఉందా అని అడిగేది 9001. ఆ డ్రాయింగ్ ఎవరి చేతుల్లో ఉంది, ఎవరైనా మార్చగలరా, కావాల్సినప్పుడు దొరుకుతుందా అని అడిగేది 27001. సమాచారం కంప్యూటర్‌లో ఉన్నా, కాగితం మీద ఉన్నా ఆ స్టాండర్డ్‌కి ఒకటే. 2022 ఎడిషన్‌లో 93 కంట్రోల్స్, అంటే సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లు ఉన్నాయి. వాటిలో 37 సంస్థ నడిచే తీరుకి, 8 మనుషులకి, 14 తలుపులు, తాళాలు, టేబుళ్ల వంటి భౌతిక విషయాలకి సంబంధించినవి. టెక్నాలజీకి చెందినవి 34, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఫైర్‌వాల్ కొనేస్తే పనైపోదు అనేది ఇందుకే.

అపోహ: ఆ 93 కంట్రోల్సూ పెట్టి తీరాలి

అక్కర్లేదు. ముందు మీ దగ్గర ఏ సమాచారం ఉంది, దానికి ఏ ప్రమాదం ఉంది అని చూసుకోవాలి. దాన్నిబట్టి ఏ కంట్రోల్ వర్తిస్తుందో, ఏది వర్తించదో, ఎందుకో ఒక పత్రంలో రాయాలి. దాన్నే స్టేట్‌మెంట్ ఆఫ్ అప్లికబిలిటీ అంటారు. ఈ షాపు సాఫ్ట్‌వేర్ బయట రాయించుకోదు. అందుకని ఆ కంట్రోల్ వర్తించదని కారణంతో సహా రాశాం. కారణం లేకుండా వదిలేస్తే మాత్రం ఆడిటర్ ఒప్పుకోరు.

అపోహ: ఫైళ్లు నిండితే సర్టిఫికెట్ వచ్చేస్తుంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇది. ఒకచోట కొత్తగా చేయించుకున్న క్వాలిటీ మాన్యువల్ నా చేతికిచ్చారు. ముచ్చటైన బైండింగ్. లోపల 14వ పేజీలో వేరే కంపెనీ పేరుంది. అంటే ఆ పుస్తకాన్ని యజమాని చదవలేదు, రాసిచ్చినవాళ్లూ చదవలేదు. దానికి డబ్బు కట్టి, అందులో ఉన్నట్టు పనిచేస్తున్నామని సంతకం పెట్టారు.

9001 పాత ఎడిషన్, 2008 నాటిది, క్వాలిటీ మాన్యువల్‌నీ ఆరు లిఖిత ప్రొసీజర్లనీ తప్పనిసరి చేసింది. 2015 ఎడిషన్‌లో ఆ నిబంధన లేదు. పనికి ఎంత రాత అవసరమో అంతే రాసుకోమంటుంది. కానీ రాసుకున్నది జరగాలి, జరిగినదానికి ఆధారం ఉండాలి.

బాలానగర్ షాపులో మేం చేసింది చాలా చిన్న మార్పు. ప్రతి పనితో పాటు మెషిన్ దగ్గరికి వెళ్లే జాబ్ కార్డు మీద డ్రాయింగ్ నంబరు అప్పటికే ఉండేది, పక్కన రివిజన్‌కి ఒక గడి చేర్చాం. సెట్టింగ్‌కి ముందు ఆపరేటర్ కార్డు మీది రివిజన్, డ్రాయింగ్ మీది రివిజన్ కలిపి చూసి సంతకం పెట్టాలి. కొత్త ప్రింట్ కావాలంటే పాతది తిరిగి ఇవ్వాలి. ప్రతి ప్రింట్ మీద ఎర్ర ముద్ర ఉండాలి, ముద్ర లేని కాగితం మెషిన్ దగ్గర కనిపించకూడదు. వాట్సాప్‌లో డ్రాయింగులు ఆపేశాం. కస్టమర్లందరికీ ఒకే మెయిల్ ఐడీ ఇచ్చాం, దాన్ని ఇద్దరే తెరుస్తారు.

దీనికి అడ్డు చెప్పినవాడు ఆ షాపులో అందరికంటే సీనియర్ ఆపరేటర్. "ఇరవై ఏళ్లుగా చేస్తున్నా సార్, ఫోన్‌లో జూమ్ చేసి చూసుకుంటే కొలత బాగా కనిపిస్తుంది. ఈ ప్రింట్‌లో అంకెలు చీమల్లా ఉన్నాయి." ఆయన అన్నది నిజమే. ఏ4 కాగితం మీద తీసిన ప్రింట్ ఆ వెలుతురులో చదవడం కష్టం. అందుకే ఏ3 ప్రింటర్ తెప్పించాం, మెషిన్లుండే రెండు చోట్ల లైట్లు మార్చాం. ఫోన్ వాడొద్దని నోటీసు అంటించి ఊరుకుంటే వారం తిరక్కుండా అందరూ మళ్లీ ఫోన్లే తీసేవారు. మనిషి ఒక అడ్డదారి తొక్కుతున్నాడంటే మామూలు దారిలో ఏదో ఇబ్బంది ఉందన్నమాట.

అపోహ: బ్యాకప్ తీస్తున్నాం కదా, ఇంకేం టెన్షన్

సీఎన్‌సీ ప్రోగ్రాములన్నీ ఒక పాత కంప్యూటర్‌లో ఉండేవి. ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేవారు. ఆ పెన్‌డ్రైవ్ అదే టేబుల్ సొరుగులో ఉండేది. నిప్పంటుకున్నా, దొంగతనమైనా రెండూ ఒకేసారి పోతాయి. అది అలా ఉంచి, ఇందులోంచి ఒక ప్రోగ్రామ్ తెరిచి చూపించండి అన్నాను. పది ప్రయత్నిస్తే నాలుగు తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్ ఎప్పుడు పాడైందో ఎవరూ చూసుకోలేదు. కాపీ తీయడమే కాదు, తీసినదాన్ని తిరిగి తెరిచి పరీక్షించాలని కూడా 27001 చెబుతుంది. ఇప్పుడు నెలకోసారి ఏదో ఒక ప్రోగ్రామ్‌ని బ్యాకప్‌లోంచి తీసి, మెషిన్‌లో డ్రై రన్ (పీసు కోయకుండా ఉత్తినే నడపడం) వేస్తున్నారు.

అపోహ: సర్టిఫికెట్ ఇచ్చేది ఐఎస్ఓ సంస్థే

జెనీవాలోని ఐఎస్ఓ స్టాండర్డ్‌లు రాయిస్తుంది, అంతే. సర్టిఫికెట్లు ఇవ్వదు. ఇచ్చేవి సర్టిఫికేషన్ సంస్థలు. ఆ సంస్థలకు అర్హత ఉందా అని చూసేవి అక్రెడిటేషన్ సంస్థలు. మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఎన్ఏబీసీబీ ఆ పని చేస్తుంది.

"రెండు రోజుల్లో ఐఎస్ఓ, ఆఫర్ ధర" అని ఫోన్లకు మెసేజీలు వస్తుంటాయి. దయచేసి ఆగండి. అక్రెడిటేషన్ ఉన్న సంస్థ ఆడిట్‌కి ఎన్ని రోజులు పెట్టాలో మీ ఉద్యోగుల సంఖ్యను బట్టి లెక్క ఉంటుంది. స్టేజ్ 1, స్టేజ్ 2 అని రెండు విడతలుగా ఆడిట్ జరుగుతుంది. మీకు కన్సల్టెన్సీ చేసే సంస్థే మీకు సర్టిఫికెట్ ఇవ్వడానికి వీల్లేదు. కాగితం మీద ఎవరి అక్రెడిటేషన్ గుర్తు ఉందో చూడండి, సర్టిఫికెట్లను సరిచూసుకునే వెబ్‌సైట్ ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్‌లో వెతకండి. సర్టిఫికెట్ ఏ పనికి, ఏ చోటుకి వర్తిస్తుందో చెప్పే స్కోప్ వాక్యం కూడా చదవండి. పని బాలానగర్‌లో జరుగుతుంటే స్కోప్‌లో అమీర్‌పేట ఆఫీసు ఒక్కటే ఉన్న సర్టిఫికెట్లు నేను చూశాను. మీ కస్టమర్ ఆ వాక్యం చదివిన రోజు తల దించుకోవాల్సింది మీరే.

అపోహ: ఆడిట్‌లో తప్పు దొరికితే అంతే సంగతులు

ఆడిట్ అనగానే రిజెక్షన్ డబ్బాను షెడ్డు వెనక దాచేసేవాళ్లున్నారు. అది మానండి. తప్పు పీసులకు ఎర్ర డబ్బా పెట్టి, ఎన్ని, ఎందుకు, ఏం చేశారు అని రాసుకుంటే ఆడిటర్‌కి మీ పద్ధతి మీద నమ్మకం కలుగుతుంది. ఏడాది పొడుగునా సున్నా రిజెక్షన్లు చూపించే రిజిస్టర్‌ను ఎవరూ నమ్మరు. చిన్న లోపం దొరికితే మైనర్ అంటారు, దాన్ని ఎలా సరిదిద్దుతారో రాసివ్వాలి. మేజర్ అయితే సరిదిద్దినట్టు తేలేదాకా సర్టిఫికెట్ ఆగుతుంది. ఆ 64 పీసుల కథను మేం పూర్తిగా రాసి, పక్కన కొత్త జాబ్ కార్డు జత చేసి పెట్టుకున్నాం. స్టేజ్ 1లో ఆడిటర్ ఎక్కువసేపు చూసింది ఆ రెండు కాగితాలనే.

అపోహ: రెండు సర్టిఫికెట్లంటే రెండింతల పని

రెండు స్టాండర్డ్‌ల చట్రం ఒకటే. 4 నుంచి 10 దాకా క్లాజుల వరుస కూడా ఒకటే. డాక్యుమెంట్ల నియంత్రణ, ఇంటర్నల్ ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ, తప్పులు సరిదిద్దే పద్ధతి ఒక్కసారి ఏర్పాటు చేసుకుంటే రెండింటికీ పనికొస్తాయి. ఆడిట్ కూడా కలిపి చేయించుకోవచ్చు.

అపోహ: 9001 ఉంటే ఆ పేరు సరుకు మీద వేసుకోవచ్చు

వేసుకోకూడదు. 9001 మీరు పనిచేసే పద్ధతికి ఇచ్చింది, వస్తువుకి కాదు. వస్తువుకి ఇచ్చేది బీఐఎస్ వారి ఐఎస్ఐ మార్కు, అది పూర్తిగా వేరు.

అపోహ: 27001 ఉంటే చట్టం గొడవ ఉండదు

సర్టిఫికెట్ వేరు, చట్టం వేరు. నిర్దేశించిన సైబర్ సంఘటనలు తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఉద్యోగుల ఆధార్ కాపీల వంటివి కంప్యూటర్‌లో ఉంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూడా చూసుకోవాలి.

అపోహ: ఒకసారి వస్తే ఇక చూసుకోనక్కర్లేదు

గడువు మూడేళ్లు. మధ్యలో ఏటా సర్వైలెన్స్ ఆడిట్, అంటే పద్ధతి ఇంకా నడుస్తోందా అని చూసే తనిఖీ ఉంటుంది. స్టాండర్డ్ కూడా మారుతుంది. 27001 పాత 2013 ఎడిషన్ సర్టిఫికెట్లకు 2025 అక్టోబర్ 31తో కాలం చెల్లింది. ఎవరైనా ఇప్పుడు అది చూపిస్తే ఒప్పుకోకండి.

బాలానగర్ షాపుకి స్టేజ్ 2 వచ్చే నెలలో ఉంది. పోయిన వారం రాత్రి పదకొండు దాటాక నైట్ షిఫ్ట్ కుర్రాడు యజమానికి ఫోన్ చేశాడట. "కార్డు మీద డి ఉంది సార్, డ్రాయింగ్ మీద సి ఉంది. మెషిన్ ఆపేశాను." ఆయన లేచి వెళ్లి కొత్త ప్రింట్ ఇచ్చి వచ్చారు. ఇక ప్లేటింగ్ యూనిట్ నుంచి పాత ప్రింట్లు మూడు వెనక్కి రావాలి. శనివారం తనే వెళ్లి తెచ్చుకుంటానన్నారు.