షూటింగ్‌కు మెత్తటి బూట్లు: ఈ మాట ఎవరు పుట్టించారో గానీ!

హనుమకొండలో పిల్లలకు ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ నేర్పుతుంటాను. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు బూట్ల గురించి తప్పకుండా అడుగుతారు. కాకపోతే చాలామంది కొనేశాక అడుగుతారు.

అపోహ: రన్నింగ్ షూ మెత్తగా ఉంటుంది, గంటసేపు నిలబడటానికి అదే హాయి.

వాస్తవం: ఆ మెత్తదనమే స్కోరు తినేస్తుంది. రన్నింగ్ షూలో మడమ కింద మందంగా ఫోమ్ పెట్టేది పరుగులో కాలికి తగిలే దెబ్బను తగ్గించడానికి. షూటర్ పరిగెత్తడు, కదలకుండా నిలబడతాడు. పది మీటర్ల పోటీలో ప్రిపరేషన్, సైటింగ్‌కు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లకు) 15 నిమిషాలు, ఆపైన 60 షాట్లకు 75 నిమిషాలు. అంతసేపూ ఫోమ్ అణుగుతూనే ఉంటుంది, అదీ రెండు కాళ్ల కింద ఒకేలా కాదు. ఒళ్లు కాస్త ఒరిగినప్పుడల్లా పిక్కలు సర్దుకోవాలి. ఆ కదలిక మనకు తెలియదు, టార్గెట్ మీద తెలుస్తుంది. ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మరి! మొదట్లో బాగానే పడిన షాట్లు తర్వాత ఒక పక్కకు జరుగుతుంటే పిల్లాడు సైట్ (గురి చూసే భాగం) తిప్పుతాడు, కోచ్ ట్రిగ్గర్ అంటాడు, అమ్మ టెన్షన్ అంటుంది. బూట్ల వైపు ఎవరూ చూడరు.

పరకాల నుంచి కూతుర్ని తీసుకొచ్చిన ఒక తండ్రి, "ఇంత పెట్టి కొన్న సార్, ఇంతకంటే మంచిది ఏముంటది?" అన్నాడు. పాపం, ఆ డబ్బు ఆయనకు ఊరికే రాలేదు. అమ్మాయిని ముందు ఆ బూట్లతో, తర్వాత స్కూలుకు వేసుకెళ్లే తెల్ల కాన్వాస్ షూతో కళ్లు మూసుకుని నిలబడమన్నాను. ఊగడంలో తేడా తండ్రికే కనిపించింది. కొన్నవాటిని పొద్దున జాగింగ్‌కు వాడుకోమన్నాను.

షాపులో షూను గాజు కౌంటర్ మీద పెట్టి చూడండి. ముందుభాగం పైకి లేచి, నొక్కితే తూగుతుంటే వద్దు. మడమ దగ్గర బొటనవేలు దిగబడితే వద్దు. అడుగంతా బల్లకు ఆనాలి, వేళ్ల దగ్గర వంచితే వంగాలి. పిస్టల్ మొదలుపెట్టే పిల్లలకు చౌరస్తాలో దొరికే మామూలు కాన్వాస్ షూ చాలు.

పొడుగు బూట్లు చీలమండను పట్టి ఉంచుతాయని ఇంకొకటి. పిస్టల్‌లో చీలమండ ఎముకను కప్పే షూకు అనుమతి లేదు, పోటీకి ముందు సామగ్రిని తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లోనే ఆపేస్తారు. గచ్చిబౌలి రేంజ్ దాకా వెళ్లి, మ్యాచ్ ముందు వేరే జత కోసం ఉరుకులాడాలా? రైఫిల్‌కు ప్రత్యేకమైన బూట్లు ఉన్నాయి నిజమే, అయితే అవి అస్సలు వంగకూడదన్నది పుకారు. వేళ్ల దగ్గర సోల్ మందం 10 మిల్లీమీటర్లు దాటకూడదు, పాదం వంగేచోట అదీ వంగాలి. రేంజ్‌లో మడమ, తర్వాత వేళ్లు ఆనిస్తూ మామూలుగానే నడవాలి. బాతులా నడిస్తే ముందు హెచ్చరిక, ఆ తర్వాత పెనాల్టీ. పడుకుని కాల్చే ఎన్‌సీసీ పిల్లలకు మాత్రం ఈ బూట్ల గొడవ పెద్దగా లేదు, అదృష్టవంతులు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మామూలు టీషర్టుతో కాల్చిన తుర్కియే పిస్టల్ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో చూపించి 'ఏ సామగ్రీ అక్కర్లేదు' అనేవాళ్లూ ఉన్నారు. రైఫిల్ వాళ్లు వేసుకునే బిగుతు జాకెట్, ప్యాంటు పిస్టల్‌లో ఎవరికీ ఉండవండీ.

ఎదిగే పిల్లలని ఒక సైజు పెద్దది కొనకండి. లోపల పాదం జారుతుంటే సోల్ ఎంత చదునుగా ఉండీ ఏం లాభం? అరికాలు చదునుగా ఉండి నొప్పులొచ్చే పిల్లల తల్లిదండ్రులు మాత్రం నా మాటో, యూట్యూబ్ మాటో పట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. ఇన్‌సోల్ వాడమంటే వాడొచ్చు, కాకపోతే అదీ వేళ్ల దగ్గర వంగేదై ఉండాలి. దాన్ని మ్యాచ్ రోజే మొదటిసారి వేయకుండా ప్రాక్టీసు నుంచే అలవాటు చేయండి.