విశాఖ ఉక్కులో తమ్ముడు, ఎల్ఐసీలో కూతురు: ప్రైవేటీకరణపై అపోహలు, వాస్తవాలు

కడపలో కార్మికుల కేసులు చూస్తుంటాను. ఏదో ఒక ప్రభుత్వ కంపెనీని అమ్ముతున్నారని టీవీలో రాగానే ఫోన్లు మొదలవుతాయి. విశాఖ ఉక్కులో తమ్ముడున్నవాళ్లు, ఎల్ఐసీలో కూతురున్నవాళ్లు, అందరిదీ ఒకటే టెన్షన్. భయపడొద్దని నేను చెప్పను, కాకపోతే చాలామంది అసలు దాన్ని వదిలేసి ఇంకోదానికి భయపడుతుంటారు.

అపోహ: వాటా అమ్మితే కంపెనీ ప్రైవేటు అయిపోయినట్టే.

కాదు. 2022 మేలో ఎల్ఐసీలో అమ్మింది 3.5 శాతమే, పాలసీ డబ్బుకు చట్టంలో ఉన్న ప్రభుత్వ హామీ అలాగే ఉంది. 2018లో పెట్రోలు అమ్మే హెచ్‌పీసీఎల్‌లో కేంద్రం తన 51 శాతం పైచిలుకు వాటాను 36,915 కోట్లకు అమ్మింది, కొన్నదెవరంటే ఓఎన్‌జీసీ, అదీ ప్రభుత్వ కంపెనీయే! పెత్తనం ప్రైవేటు చేతికి పోతేనే ప్రైవేటీకరణ.

అపోహ: కొత్త యజమాని రాగానే పాత సర్వీసు గంగలో కలిసినట్టే.

ముందు అమ్మింది షేర్లా, ప్లాంటా అని అడగండి. షేర్లయితే మీకు అపాయింట్‌మెంట్ ఆర్డరిచ్చిన కంపెనీ మారదు, దాని వెనకున్న యజమాని మారతాడంతే, కాబట్టి సర్వీసు, గ్రాట్యుటీ, పీఎఫ్ కొనసాగుతాయి. మన ఎర్రగుంట్లలో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీని 1990ల చివర్లో ఇండియా సిమెంట్స్ కొన్నట్టు ప్లాంటునే అమ్మితే మాత్రం కథ వేరు. పాత ఏళ్లు లెక్కలోకి వస్తాయా, జీతం షరతులు తగ్గుతాయా, రేపు తీసేస్తే మొత్తం సర్వీసుకు పరిహారం ఎవరిస్తారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. ఉద్యోగ భద్రత హామీకి కూడా గడువుంటుంది. టాటాలకు అమ్మిన ఎయిర్ ఇండియాలో మొదటి ఏడాది ఎవరినీ తీసేయకూడదు, రెండో ఏడాది తీసేయాలంటే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) ఇవ్వాలి అన్నారు, అంతే. ఇక కాంట్రాక్టు కార్మికుల ఊసు ఇలాంటి హామీల్లో సాధారణంగా కనిపించదు, నా దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వచ్చేదీ వాళ్లే.

అపోహ: ఏం జరిగినా హైకోర్టులో రిట్ (ప్రభుత్వం, దాని సంస్థల మీద నేరుగా వేసే పిటిషన్) వేయొచ్చు.

అమ్మాలా వద్దా అన్నది ప్రభుత్వ విధానమని, అందులో తాము వేలు పెట్టమని 2001లోనే బాల్కో (ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ) అమ్మకం కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అమ్మాక కంపెనీ మీద మామూలుగా రిట్ నిలవదు. ఎయిర్ ఇండియా ఉద్యోగులు ప్రభుత్వ కంపెనీగా ఉన్నప్పుడే వేసిన రిట్లు విచారణకు వచ్చేసరికి కంపెనీ టాటాలదైపోయింది, ఇక నిలవవని 2024 మేలో తీర్పొచ్చింది. ఏళ్ల తరబడి తిరిగి, మళ్లీ వేరే గడప తొక్కాలి. కొత్త నియామకాల్లో రిజర్వేషన్, ఆర్టీఐ కింద అడిగే హక్కు కూడా పోతాయి. ఇది మాత్రం అపోహ కాదు, భయపడాల్సింది దీనికే.

అపోహ: ఎయిర్ ఇండియా అమ్మితే ఖజానాకు 18,000 కోట్లొచ్చాయి.

చేతికొచ్చిన నగదు 2,700 కోట్లు. మిగతా 15,300 కోట్లు టాటాలు నెత్తినేసుకున్న అప్పు. సంస్థ పనులకు అక్కరలేని భూములు, భవనాలు ప్రభుత్వమే ఉంచుకుంది, ఈ సంగతి వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

విశాఖ ఉక్కు మాటకొస్తే, 2021 జనవరిలో కేంద్రం ఇచ్చింది సూత్రప్రాయ ఆమోదం, అమ్మకం కాదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది కూడా ఆ కేంద్రమే. తమ్ముడికి ఫోన్ చేసి పీఎఫ్ పాస్‌బుక్, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీలు భద్రంగా పెట్టుకోమనండి.