ఒక్కడే సరంగు, ఒక్కడే కళాసీ

సముద్రపు దొంగల ఆటల్లో కంప్యూటర్ నడిపే శత్రు ఓడ ఎదురైతే, నలుగురు జట్టుగా ఆడేవాళ్లకు అది కాసేపటి సరదా. ఒంటరిగా ఆడేవాడిని మాత్రం అలాంటి ఓడే పది నిమిషాల్లో ముంచేస్తుంది. శత్రువు గురి మరీ పదునుగా ఉందనో, దాని గుండు దెబ్బ మరీ గట్టిదనో అనుకోవడం సహజం. చాలాసార్లు చిక్కు అక్కడ ఉండదు. నిమిషానికి ఎన్ని పనులు మీద పడుతున్నాయి, వాటిని చేయడానికి ఎన్ని చేతులున్నాయి అన్నదే అసలు లెక్క.

రేర్ సంస్థ 2018 మార్చిలో విడుదల చేసిన 'సీ ఆఫ్ థీవ్స్' ఈ లెక్కను బాగా బయటపెడుతుంది. ఇందులో ఒకరిద్దరికి స్లూప్ అనే చిన్న ఓడ, ముగ్గురికి బ్రిగంటైన్ అనే మధ్యరకం ఓడ, నలుగురికి గాలియన్ అనే పెద్ద ఓడ. స్లూప్‌కు పక్కకొకటి చొప్పున రెండే ఫిరంగులు. గాలియన్‌కు పక్కకు నాలుగు. తెరచాప దించడం, దాన్ని గాలివైపు తిప్పడం, చుక్కాని పట్టడం, ఫిరంగిలో గుండు వేసి పేల్చడం, అడుగు అంతస్తులో పడ్డ చిల్లుకు చెక్క కొట్టడం, చేరిన నీటిని బకెట్‌తో తోడి బయట పోయడం, అన్నీ చేత్తో చేయాల్సిందే. ఒంటరివాడు ఫిరంగి దగ్గర ఉన్నంతసేపూ చుక్కాని దగ్గర ఎవరూ ఉండరు. ఎదురొచ్చే, కంప్యూటర్ నడిపే అస్థిపంజరాల ఓడకు ఆ ఇబ్బంది లేదు. దానికి చుక్కాని దగ్గర ఒక అస్థిపంజరం, ఫిరంగుల దగ్గర మరికొన్ని.

ఆట తయారుచేసేవాళ్లకు ముందుగా తట్టే పరిష్కారం, ఒంటరి ఆటగాడికి ఎదురయ్యే శత్రువు బలాన్ని నాలుగో వంతుకు తగ్గించడం. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. శత్రు ఓడ బలం 1200 పాయింట్లు, ఒక్కో ఆటగాడు సెకనుకు 10 పాయింట్లు కొట్టగలడు అనుకుందాం. నలుగురు 30 సెకన్లలో దాన్ని ముంచుతారు. ఒంటరివాడికి బలాన్ని 300కు దించితే అతనికీ 30 సెకన్లే. కానీ ఆ 30 సెకన్లలో శత్రువు పేల్చే గుండ్లు తగ్గలేదు కదా! నలుగురు పంచుకుని పూడ్చిన చిల్లులన్నీ ఇప్పుడు ఒక్కడి నెత్తిన పడతాయి. కాబట్టి శత్రువు కాల్పులనూ నాలుగో వంతుకు దించాలి. రెండూ కలిపితే శత్రువు మొత్తం సత్తా పదహారో వంతు. ఇంగ్లాండ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916 నాటి పుస్తకంలో యుద్ధాల గురించి చెప్పిన వర్గ సూత్రం ఇదే: బలగం సంఖ్య నాలుగింతలైతే పోరాట శక్తి పదహారింతలు. బలాన్ని ఒక్కదాన్నే తగ్గించి ఊరుకున్న ఆటల్లో ఒంటరివాళ్లు ఎందుకు మునుగుతుంటారో దీంతో తెలుస్తుంది.

పదహారో వంతు కూడా చాలకపోవచ్చు. దానికి కారణం క్యూ. డెన్మార్క్ టెలిఫోన్ ఇంజనీరు ఆగ్నర్ ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రాక మీద మొదలుపెట్టిన గణితం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. కాల్స్ బదులు చిల్లులు, ఆపరేటర్ బదులు సుత్తి పట్టుకున్న దొంగ. ఒక చిల్లు దగ్గరికి పరుగెత్తి చెక్క కొట్టడానికి సగటున 10 సెకన్లు అనుకుందాం. చిల్లులు ఎప్పుడు పడతాయో, ఒక్కోటి పూడ్చడానికి కచ్చితంగా ఎంతసేపు పడుతుందో చెప్పలేం కానీ, చిల్లులు పడేది సగటున 20 సెకన్లకు ఒకటి. అప్పుడు ఆటగాడి సమయంలో సగం దానికే పోతుంది. కొత్త చిల్లు తన వంతు కోసం సగటున 10 సెకన్లు ఆగుతుంది. ఫరవాలేదు. చిల్లులు 12.5 సెకన్లకు ఒకటి చొప్పున పడితే 80 శాతం సమయం పోతుంది, నిరీక్షణ 40 సెకన్లకు ఎక్కుతుంది. 11 సెకన్ల చిల్లరకు ఒకటైతే 90 శాతం, నిరీక్షణ 90 సెకన్లు. అంటే శత్రువు గురి ఎనిమిదో వంతు మెరుగైతే చాలు, నీరు కారే సమయం రెట్టింపు దాటుతుంది. 10 సెకన్లకు ఒకటి పడితే ఇక నిలకడ అన్నదే లేదు, వరస పెరుగుతూ పోతుంది. పోరు మొదట్లో అంతా అదుపులో ఉన్నట్టే ఉండి, ఉన్నట్టుండి ఓడ మునిగిపోవడం వెనక ఉన్నది నిరీక్షణ ఇలా ఒక్కసారిగా ఎగబాకడమే. పైగా ఈ లెక్కలో ఫిరంగి పేల్చడం లేదు, నీరు తోడడం లేదు.

నలుగురి సంగతి చూడండి. చిల్లులు నాలుగింతలు పడి, నలుగురూ 80 శాతం సమయం వాటికే పెట్టినా, కొత్త చిల్లు ఆగేది సగటున ఏడున్నర సెకన్లు. తలా ఒక్కరికి పని సమానమే, నిరీక్షణ మాత్రం ఒంటరివాడిదాంట్లో అయిదో వంతు కన్నా తక్కువ. ఎవరో ఒకరు ఖాళీగా దొరుకుతారు కాబట్టి. ఏ ఇబ్బంది తగ్గింపుతోనూ ఈ లాభాన్ని ఒంటరివాడికి పూర్తిగా ఇవ్వలేం.

గురి సంగతికి వద్దాం. కదిలే ఓడను కొట్టడం కంప్యూటర్‌కు కష్టమే కాదు. 200 మీటర్ల దూరం, గుండు వేగం సెకనుకు 80 మీటర్లు అయితే ప్రయాణం రెండున్నర సెకన్లు. ఓడ సెకనుకు 8 మీటర్లు నడుస్తుంటే గురి 20 మీటర్ల ముందుకు పెట్టాలి. ఒక వర్గ సమీకరణంతో ఇది తేలిపోతుంది, ఆటగాడు దారి మార్చకుంటే ప్రతి గుండూ తగులుతుంది. అందుకే శత్రువుకు కావాలని తప్పు నేర్పాలి: గురి కోణానికి యాదృచ్ఛికంగా కొంత దోషం కలపాలి. 200 మీటర్ల దగ్గర 3 డిగ్రీలంటే పక్కకు పదిన్నర మీటర్లు. దోషం ప్రామాణిక విచలనం (గుండ్లు గురికి అటూఇటూ ఎంత చెదురుతాయన్న కొలత) అంత ఉంటే, 20 మీటర్ల ఓడ పక్కను చూపించినప్పుడు దాదాపు మూడింట రెండు గుండ్లు తగులుతాయి. దోషాన్ని 6 డిగ్రీలు చేస్తే మూడింట ఒకటికి కాస్త పైన. (ఎత్తులో తప్పును లెక్కలోకి తీసుకోలేదు.)

ఇదే లెక్క ఆటగాడికీ పనికొస్తుంది. 3 డిగ్రీల దోషంతో పేల్చే శత్రువుకు ఓడ పక్క కాకుండా 6 మీటర్ల వెడల్పున్న ముందో వెనకో చూపిస్తే తగిలేవి నాలుగింట ఒకటి కన్నా తక్కువ. కాబట్టి చెక్క కొట్టడానికి కిందికి దిగేముందు చుక్కానిని తిప్పి శత్రువుకు వెన్ను చూపించి వెళ్లాలి. 'సీ ఆఫ్ థీవ్స్'లో ఎదురుగాలికి నడిచేటప్పుడు స్లూప్, గాలియన్ కన్నా వేగం. పెద్ద ఓడ తరుముతుంటే వాలుగాలికి పారిపోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. గాలికి ఎదురెక్కితే మరమ్మతుకు కావాల్సిన నిమిషం దొరుకుతుంది. మొదట అడుగు అంతస్తు చిల్లులు, తర్వాత నీరు, ఆఖరున ఫిరంగి.

గుండ్లు తగ్గించడం కన్నా తప్పిపోయే గుండ్లు పెంచడమే మంచి రూపకల్పన అని నా అభిప్రాయం. నాలుగో వంతు వేగంతో పేల్చే ఓడ నిద్రపోతున్నట్టు ఉంటుంది. పక్కనే నీళ్లు చిమ్మిస్తూ తప్పిపోయే గుండు భయపెడుతుంది కానీ పని పెంచదు.

ఇంకో చిక్కు, శత్రువులు ఒకేసారి వచ్చిపడటం. అస్థిపంజరాల ఓడతో పోరులో ఉండగా మెగలడాన్ సొరచేప కూడా తేలితే గోరుచుట్టు మీద రోకటిపోటే. సగటు పని అంతే ఉన్నా, అది గుంపుగా వస్తే క్యూ పెరుగుతుంది. 2008 నాటి 'లెఫ్ట్ 4 డెడ్' అనే ఆట, ఆటగాళ్ల ఒత్తిడిని అంచనా వేసి శత్రువుల రాకకు మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది. సముద్రపు ఆటలకూ ఆ ఏర్పాటు కావాలి. కాకపోతే ఇక్కడ కొలవాల్సింది ప్రాణం ఎంత మిగిలిందని కాదు, పూడ్చని చిల్లులెన్ని, నీరు ఎంత ఎత్తు చేరిందని.

ఒంటరి ఆటగాడి కోసమే పుట్టిన ఆటలు ఈ గొడవను మొదటే తప్పించుకున్నాయి. 1987లో వచ్చి, 2004లో మళ్లీ తయారైన 'సిడ్ మేయర్స్ పైరేట్స్'లో ఆటగాడు కెప్టెన్ మాత్రమే, గుండ్లు నింపేది కళాసీలు. కష్టమంతా గాలిలోనూ, 2004 రూపంలో గుండు రకం ఎంచుకోవడంలోనూ ఉంటుంది: తెరచాపలు చింపడానికి గొలుసు గుండు, మనుషులను తగ్గించడానికి చిన్న గుండ్ల మూట, ఓడ ఒంటిని పగలగొట్టడానికి మామూలు గుండు.

'సీ ఆఫ్ థీవ్స్' 2023 డిసెంబరులో 'సేఫర్ సీస్' అనే విడి ఆట పద్ధతి తెచ్చి, అందులో ఇతర ఆటగాళ్ల ఓడలను తీసేసింది. అస్థిపంజరాల ఓడలు అక్కడా ఎదురవుతాయి. చెక్క కొట్టే చేతులు రెండే.