కొయ్య మేకా, స్క్రూనా? విశాఖ గాలిలో చెక్క అతుకులు

విశాఖలో ఫర్నిచర్ చేయించుకునేవాళ్లు చెక్క గురించి చాలా ఆరా తీస్తారు. టేకా, వేపా, ప్లైవుడ్ ఏ రకం, చెద పడుతుందా అని. రెండు చెక్కలు కలిసే చోట ఏం పెడుతున్నారని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. చెక్క మధ్యలోకి విరిగిన కుర్చీ అరుదు. అతుకు వదులై కిర్రుమనే కుర్చీ మాత్రం చాలా ఇళ్లల్లో ఉంటుంది.

ఇంట్లో సొంతంగా పని చేసుకునేవాళ్లు ఎక్కువగా తేల్చుకోవాల్సింది రెండు పద్ధతుల మధ్యే. డోవెల్ అంటే గుండ్రటి కొయ్య మేకు. రెండు చెక్కల్లో ఎదురెదురుగా రంధ్రాలు వేసి, జిగురు రాసి, మేకు సగం ఇటు, సగం అటు దిగేలా కొడతారు. పాకెట్ హోల్‌లో ఒక చెక్కకి వెనక నుంచి సుమారు 15 డిగ్రీల వాలులో రంధ్రం వేసి, అందులోంచి స్క్రూని రెండో చెక్కలోకి బిగిస్తారు. మొదటిదానికి ఓపిక, కచ్చితమైన కొలత కావాలి. రెండోదానికి ఒక జిగ్ (డ్రిల్లుని సరైన వాలులో నడిపే అచ్చు), చెక్కల్ని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు ఉంటే చాలు, పని నిమిషాల్లో అయిపోతుంది.

వీటిలో ఏది గట్టిది అని విడిగా అడిగితే జవాబు దొరకదు. బరువు ఎటు నుంచి పడుతుందో చూడాలి. కుర్చీనే తీసుకోండి. భోజనం అయ్యాక వెనక్కి వాలామంటే, సీటుకి 45 సెంటీమీటర్ల ఎత్తున వీపు 20 కిలోల బలంతో నెట్టిందనుకుందాం. ఆ తోపుకి పుట్టే మెలి రెండు పక్కల అతుకుల మీద చెరిసగం పడుతుంది. అతుకు లోపల ఆ మెలిని ఆపడానికి ఉన్న దూరం నాలుగు సెంటీమీటర్లే అయితే, ఒక్కో అతుకుని ఊడలాగే బలం 110 కిలోలు దాటుతుంది. అదీ ఒక్కసారి కాదు, వాలిన ప్రతిసారీ. ఇలాంటి చోట ఇనుప స్క్రూ చెక్కతో పాటు వంగదు. దాని మరల చుట్టూ ఉన్న నార కొంచెం కొంచెం నలిగి పిండి అవుతుంది, స్క్రూ వదులవుతుంది. జిగురు పట్టిన డోవెల్ చెక్కతో కలిసి ఒకటే ముక్కలా బరువు మోస్తుంది. అందుకే కుర్చీకి, స్టూలుకి, రోజూ ఊగే దేనికైనా నేను డోవెల్ వైపే.

అయితే డోవెల్‌కీ ఒక బలహీనత ఉంది, మన ఊరి గాలికి అది బాగా బయటపడుతుంది. చెక్క ఎండినా గాలిలో తేమని పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంటే చెక్కలో నీరు దాని బరువులో 15, 16 శాతానికి చేరుతుంది. ఏసీ గదిలో తేమ 50 శాతానికి దిగితే అది 9 శాతం దాకా పడిపోతుంది. తేమ పెరిగినప్పుడు చెక్క పొడవులో దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. వానాకాలంలో డోవెల్ ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న రంధ్రం ఉబ్బనివ్వదు. దాంతో డోవెల్ నార లోపల్లోపలే నలిగిపోతుంది. తర్వాత ఏసీ వేసినప్పుడు ఎండి, మొదట ఉన్న మందం కన్నా సన్నబడుతుంది. అలా వదులైన కుర్చీ కాలుని ఊడదీసి చూస్తే డోవెల్ ఒక వైపు నున్నగా మెరుస్తూ ఉంటుంది, జిగురు పొర మాత్రం రంధ్రం గోడకి అతుక్కుని ఎండిపోయి కనిపిస్తుంది. కార్పెంటర్‌ని తిట్టడానికి లేదు, జిగురు తక్కువైందనీ అనలేం.

దీన్ని పూర్తిగా ఆపలేం గానీ చాలావరకు తగ్గించవచ్చు. డోవెల్స్ ప్యాకెట్ విప్పి బల్ల మీద వదిలేస్తే వారంలో సముద్రపు తేమ తాగేస్తాయి. గాలి దూరని డబ్బాలో పెట్టి, బాగా ఎండినవే వాడాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీరు ఉంటుంది కాబట్టి ఎండిన డోవెల్ ఆ నీటికి ఉబ్బి రంధ్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ముందే ఉబ్బిన డోవెల్‌ని కొట్టి దింపితే, ఎండాక వదులవడం ఖాయం. డోవెల్ మీద నిలువు గాడులు ఉండేవే కొనాలి. నున్నటిదైతే లోపల చిక్కుకున్న జిగురు, గాలి బయటికి రాలేక ఒక్కోసారి చెక్కనే చీలుస్తాయి. 40 మిల్లీమీటర్ల డోవెల్‌కి రెండు వైపులా 21 మిల్లీమీటర్ల లోతు వేస్తే అడుగున కాస్త ఖాళీ మిగులుతుంది.

పాకెట్ హోల్‌కి తన చోటు తనకుంది. గోడకి బిగించే కప్‌బోర్డు, కిచెన్ క్యాబినెట్ల ముందు ఫ్రేము, పుస్తకాల అర లాంటివాటికి ఊగే బరువు ఉండదు. అక్కడ స్క్రూయే క్లాంపులా చెక్కల్ని బిగబట్టి ఉంచుతుంది, జిగురు ఆరేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం మరవకూడదు: ఫ్రేములో వాలు రంధ్రం అడ్డచెక్కలోనే వేయాలి, నిలువు చెక్కలో కాదు. అప్పుడే స్క్రూ కొన నిలువు చెక్క నారకి అడ్డంగా దిగుతుంది, గట్టిగా పట్టుకుంటుంది. తిరగేసి వేస్తే అది అడ్డచెక్క కొసలోకి నార వెంటే పోతుంది, కాస్త లాగితే ఊడి వస్తుంది. ప్లైవుడ్‌కి, మెత్తటి చెక్కకి వెడల్పు మరల స్క్రూ, టేకు లాంటి గట్టి చెక్కకి సన్న మరలది.

విశాఖలో ఉప్పు గాలి సంగతి చెప్పనక్కర్లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో గేటు కీళ్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో చూసినవాళ్లకి తెలుసు. మామూలు జింక్ పూత స్క్రూకీ అదే గతి. బాల్కనీ, సింకు కింద భాగం, కిటికీ పక్కన పెట్టే దేనికైనా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడాలి. ఈ తీరంలో జాలర్లు తెప్ప దుంగల్ని మేకు లేకుండా తాళ్లతో కట్టేవారు. ఉప్పునీటిలో నడిచే సరుకుకి అది తెలివైన పనే.

డైనింగ్ టేబుల్ పైపలకని కింది ఫ్రేముకి బిగించేటప్పుడు ఈ రెండూ పనికిరావు. 60 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక, చెక్కలో తేమ 14 నుంచి 10 శాతానికి దిగితే, నాలుగైదు మిల్లీమీటర్లు కుంచించుకుపోగలదు. డోవెల్‌తో అతికినా, స్క్రూతో బిగించినా పలక కదలడానికి వీలుండదు, చివరికి మధ్యలో బీట పడుతుంది. ఫ్రేములో స్క్రూ పట్టే రంధ్రాన్ని పలక వెడల్పు దిశలో కాస్త పొడుగ్గా తీసి, వాషర్ వేసి, మరీ బిగించకుండా వదలాలి.