కవిత్వం ఫిక్షనా, నాన్‌ఫిక్షనా? లైబ్రరీ కౌంటర్‌లో వినే అపోహలు

"సార్, కవిత్వం నాన్‌ఫిక్షన్ అట కదా, నెట్‌లో ఉంది" అని అడిగేవాళ్ళు నెలకొకరైనా తగులుతారు. అడగడంలో తప్పు లేదు. నాన్‌ఫిక్షన్ అంటే కల్పన కానిది కాబట్టి కవితలో ఉన్నదంతా జరిగిందేనని ఎదుటివాళ్ళ మీద తీర్పులిచ్చేవాళ్ళతోనే నా గొడవ.

అపోహ: కవిత్వం నాన్‌ఫిక్షన్.

ఈ పుకారు పుట్టింది బీరువాల దగ్గర. లైబ్రరీ పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో (1876) సాహిత్యమంతా 800ల్లోనే. తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ. అన్నీ ఒకే ఇంటివి. అయితే అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు నవలల్ని విడిగా తీసి రచయితల పేర్ల వరసలో సర్దాయి. మిగతా నంబర్ల బీరువాలన్నిటికీ కలిపి నాన్‌ఫిక్షన్ అన్నారు. వంటల పుస్తకాలతోపాటు కవిత్వమూ అటు పడింది. అంతకుమించి ఏమీ లేదు. మన లైబ్రరీ పండితుడు రంగనాథన్‌గారు పుస్తకాల వర్గీకరణకు పెట్టిన కోలన్ పద్ధతిలోనూ కవిత్వం, నాటకం, నవల దేనికది వేరు. అది నిజమా అబద్ధమా అని అక్కడెవరూ అడగరు.

అపోహ: కవితలో 'నేను' అంటే రాసినవాళ్ళే.

కొంపలు ముంచేది ఇదీ. మా ఊళ్ళో ఒక టీచరమ్మ పుస్తకం వేసుకుని మాకు రెండు కాపీలిచ్చింది. అందులో ఒక కవిత భర్త పోయినావిడ గొంతుతో సాగుతుంది. ఎవరో పుణ్యాత్ములు దాన్ని అత్తగారికి చదివి వినిపించారు. "నా కొడుకు నిక్షేపంగా ఉండగా ఈ అపశకునపు రాతలేంటి?" అని ఇంట్లో రభస. మర్నాడు టీచరమ్మ ఆ కాపీలు తిరిగిచ్చెయ్యమంటూ వచ్చింది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. లైబ్రరీకి చేరిన పుస్తకాలు రాసుకునే అక్సెషన్ రిజిస్టర్‌లో నంబరెక్కిన పుస్తకాన్ని అడగ్గానే చేతిలో పెట్టడం కుదరదు. కుదిరినా ఇచ్చేవాణ్ణి కాదనుకోండి. "ముందు కూర్చోండమ్మా" అని జాషువా గబ్బిలం తెచ్చి ముందు పెట్టాను.

1941లో వచ్చిన ఆ కావ్యంలో గబ్బిలంతో శివుడికి కబురు పంపేది తంజావూరు సీమలో అంటరానివాడని దూరం పెట్టిన, పేరులేని ఒక పేదవాడు. జాషువా పుట్టింది వినుకొండలో. గబ్బిలం కబురు మోయడం కల్పన, అంటరానితనం కల్పన కాదు. ఆ అవమానం జాషువా స్వయంగా పడ్డదే. అయినా దాన్ని చెప్పడానికి ఇంకో మనిషిని నిలబెట్టాడు. కవిత అఫిడవిట్ కాదు. అలాగని అబద్ధమూ కాదు.

ఆ రెండు కాపీలూ మా బీరువాలోనే ఉన్నాయి. అత్తగారు మెత్తబడ్డారో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బతికున్న మనిషి పేరు, ఊరు, తేదీ పెట్టి రాస్తే ఆ వివరాలకు జవాబు చెప్పాల్సిందే. తప్పు రాసి "కవిత్వం కదండీ" అంటే చెల్లదు.

అపోహ: పద్యంలో ఉంటే కవిత్వమే.

పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. డ్యూయీలో దాని చోటు 510, లెక్కల బీరువా.

అపోహ: రచనల పోటీ ఫారంలో తప్పు గడి టిక్ పెడితే కవిత పోయినట్టే.

దీనికి టెన్షన్ పడేవాళ్ళు ఎక్కువగా కాలేజీ పిల్లలు. ఫిక్షన్, నాన్‌ఫిక్షన్ అని రెండే గళ్ళుంటే రెండూ వదిలేసి పక్కన 'కవిత్వం' అని రాయండి. ఆన్‌లైన్ ఫారం ఒప్పుకోకపోతే పంపేముందు నిర్వాహకులకు ఒక ఫోన్ చేయండి. అసలు కవిత్వం తీసుకుంటారో లేదో కూడా అప్పుడే తేలుతుంది.