కబురు లేకుండానే కలిసే చోటు

మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని ఇలా అడిగింది: బాట్‌నెట్‌ను, అంటే వైరస్ సోకి నేరగాళ్ల చేతిలో పడ్డ కంప్యూటర్ల దండును, నడిపించే సర్వర్‌ను మూయిస్తే దాని పీడ విరగడ కాదా? కాదు. సర్వర్ చిరునామాను వైరస్‌లోనే రాసిపెడితే ఎవరైనా చదివి మూయించేస్తారు కాబట్టి, నేరగాళ్లు చిరునామాకు బదులు దాన్ని లెక్కగట్టే సూత్రాన్ని రాయడం మొదలుపెట్టారు.

దీనికి పోలిక పాలమూరులోనే ఉంది. బొంబాయికి వలసపోయిన కూలీకి కురుమూర్తి జాతర ఎప్పుడో ఎవరూ కబురు చేయనక్కరలేదు. కార్తీకంలో ఏ తిథికి ఏ వేడుకో అతనికి తెలుసు, ఆ తిథి ఏ తేదీన పడుతుందో పంచాంగం చెబుతుంది. ఊళ్లోని అన్నదమ్ముల దగ్గరా అదే పంచాంగం ఉంటుంది గనుక అందరూ ఒకే రోజున గుట్ట కింద కలుస్తారు. పంచాంగమంటే రాహుకాలం, దుర్ముహూర్తాలేనని నమ్మేవారు గుర్తించవలసింది దానిలోని ఈ గణితాన్నే.

2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్ పద్ధతి ఇదే. కంప్యూటర్ గడియారాన్ని నమ్మక, పెద్ద వెబ్‌సైట్ల జవాబుల నుంచి తేదీని తీసుకుని, రోజుకు 250 డొమైన్ పేర్లను, అంటే ఇంటర్నెట్ చిరునామాలను, పుట్టించేది. బాట్‌నెట్ యజమాని వాటిలో ఒక్కటి నమోదు చేసుకుంటే చాలు. వైరస్‌ను ఎదుర్కొనే భద్రతా నిపుణులు, అంటే రక్షకులు, సూత్రాన్ని విప్పి, రేపటి పేర్లను ఈరోజే లెక్కగట్టి తామే ముందుగా నమోదు చేశారు. వెతుక్కుంటూ వచ్చిన కంప్యూటర్లన్నీ వారి సర్వర్‌నే తట్టాయి. ఎక్కడెక్కడ వైరస్ సోకిందో అలా తేలింది. ఆదేశాలకు యజమాని మాత్రమే వేయగల డిజిటల్ సంతకం తప్పనిసరి కావడంతో, రక్షకులు ఆ కంప్యూటర్లను లెక్కించగలిగారే తప్ప శాసించలేకపోయారు.

దానికి జవాబుగా, 2009 ఏప్రిల్ 1 నుంచి కాన్‌ఫికర్ కొత్త రూపం రోజుకు 50,000 పేర్లు పుట్టించి, ఒక్కో కంప్యూటర్‌లో వాటిలోంచి ఏవో 500 మాత్రమే ఎంచుకుని ప్రయత్నించసాగింది. అంటే యజమాని ఒక పేరు కొంటే, ఆ రోజు నూటికి ఒక కంప్యూటర్ మాత్రమే అతన్ని చేరుతుంది, పదిలక్షలకు పదివేలు. అతనికి అది చాలు, రక్షకులు మాత్రం 50,000 పేర్లకూ కాపలా కాయాలి.

అయితే ఈ ఎత్తులోనే దాని గుట్టు బయటపడుతుంది. నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబ్ డీఎన్‌ఎస్ లాగ్‌ను, అంటే ఏ కంప్యూటర్ ఏ డొమైన్ పేరు కోసం వెతికిందో రాసి ఉన్న చిట్టాను, నేను వరుసగా చదివాను: మనిషి పలకలేని అక్షరాల పేర్లు, ప్రతిదానికీ ‘అలాంటి పేరు లేదు’ అన్న జవాబు, అన్నీ ఒకే కంప్యూటర్ నుంచి, రాత్రి ల్యాబ్‌కు తాళం వేశాక. పేరు తప్పుగా టైపు చేసే విద్యార్థి ఒకటి రెండుసార్లు తప్పుతాడు. వందలసార్లు తప్పేది యంత్రమే. ఆ సూత్రమేమిటో తెలియకపోయినా, వైరస్ ఏ యంత్రంలో ఉందో ఆ తప్పిన పిలుపులే చూపించాయి.