లినక్స్ ఎక్కింది, కంప్యూటర్ లేవలేదు: ఈ చిక్కు ఎక్కడిది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అప్పటి నుంచి శ్రీకాకుళంలోనైనా, పలాస, కాశీబుగ్గల్లోనైనా మూలబడిన పాత కంప్యూటర్‌కు విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించి చూద్దామనుకునే వారికి ఎదురయ్యే చిక్కుల్లో ముఖ్యమైనది ఒకటుంది. ఇన్‌స్టాలేషన్ సజావుగా పూర్తవుతుంది, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే మాత్రం బూట్ డివైస్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే డిస్కు) కనబడలేదంటూ నల్లని తెర మిగులుతుంది. తప్పును లినక్స్ మీదికి నెట్టడం సులువే గానీ, దాని మూలం నలభయ్యేళ్ల వెనక ఉంది.

కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము, 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్‌కు ఫైళ్లంటే ఏమిటో తెలియదు. 1983లో హార్డ్ డిస్కులకు స్థిరపడిన పద్ధతి ప్రకారం అది డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, అందులోని కోడ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. ఆ కోడ్‌కు దక్కేది 446 బైట్లే కనుక, లినక్స్‌ను లేపే ప్రోగ్రామైన గ్రబ్ తన తొలి ముక్కను మాత్రమే అక్కడ పెట్టి, మిగిలినదాన్ని డిస్కులో వేరేచోట దాచుకుంటుంది. బయోస్ స్థానంలో ఇంటెల్ తన ఇటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ, 2005లో ఏర్పడిన కంపెనీల ఫోరం చేతుల్లో యూఈఎఫ్‌ఐగా మారింది. ఇది ఆ మొదటి 512 బైట్లలోని కోడ్‌ను పట్టించుకోదు, డిస్కులో ప్రత్యేకంగా విడదీసిన ఒక చిన్న భాగంలో (పార్టిషన్‌లో) బూట్ ఫైలును వెతుక్కుంటుంది.

నిజానికి బాగా పాత యంత్రాలకు ఈ గొడవ లేదు. (వాటి బాధ వేరు: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ రకం, పాతకాలపు 32-బిట్ ప్రాసెసర్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.) తంటా అంతా సుమారు 2010 నుంచి 2015 వరకు, రెండు పద్ధతులనూ మోస్తూ వచ్చిన మధ్యకాలపు కంప్యూటర్లతోనే. వాటి బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు, ఒకచోట యూఈఎఫ్‌ఐ అన్న మాటతో, మరొకచోట అది లేకుండా కనిపిస్తుంది. ఏ వరుసను ఎంచుకుంటే ఇన్‌స్టాలర్ సాధారణంగా ఆ పద్ధతికే గ్రబ్‌ను అమరుస్తుంది. యంత్రం ఆ పద్ధతిలో కాక ఇంకో పద్ధతిలో వెతికితే దానికి ఏమీ దొరకదు. కొన్ని తొలితరం యూఈఎఫ్‌ఐలైతే విండోస్ బూట్ ఫైలు పేరును తప్ప మరో పేరును గుర్తించవు.

మన వైపు ఇంకొక సంగతి కలుస్తుంది. ఉరుములొస్తే ప్లగ్గు పీకేసే ఇళ్లలో, పాత మదర్‌బోర్డు సెట్టింగులు నిలిచేది నాణెమంత బ్యాటరీ మీదే. అది అయిపోతే బూట్ పద్ధతి మొదటి స్థితికి వెళ్లిపోయి, నిన్న లేచిన లినక్స్ ఇవాళ లేవదు. గడియారం పాత సంవత్సరాన్ని చూపిస్తుంటే, లినక్స్‌ను మళ్లీ ఎక్కించే ముందు ఆ బ్యాటరీని మార్చి, బూట్ పద్ధతిని ఇన్‌స్టాల్ చేసిననాటి పద్ధతికి తిప్పి చూడాలి.